నా మీద రాయండి

మా తోడికోడలు వీరలక్ష్మి నా మాటలు దొంగిలిస్తోందని నేను కనిపెట్టింది ఆ వేసవిలో, ఏటిపాయ దాటించే పంటు మీద.

మా ఊరు నగరం అనే పల్లె పక్కన. పాయకి అవతల లంకలో ఒక పాత మండువా లోగిలి అద్దెకి తీసుకుని 'రెండిళ్ళ వాకిలి' అనే టీవీ సీరియలు తీసేవారు. అన్నదమ్ముల ఇల్లు రెండుగా చీలిపోయే కథ. అందులో మేమిద్దరం ఇరుగుపొరుగు ఆడవాళ్ళం. నేను సూరమ్మని. సరిగ్గా ఏడుపు సీను మధ్యలో గిన్నె పట్టుకుని చల్లకో చింతపండుకో దూరే విధవరాలిని. బయటా విధవరాలినే కాబట్టి నాకు వేషం కట్టే పని లేకపోయింది. వీరలక్ష్మిది కామాక్షి పిన్నిగారి వేషం. అరుగు మీద కూర్చుని అన్నీ చూస్తూ ఉంటుంది, మాటలు తక్కువ. రెండు సీజన్లు నడిచాయి. ఇది మూడోది, ఆఖరుది.

మొదటి రెండు సీజన్లకీ మా మాటలు కాగితాల మీద వచ్చేవి. నాకు చదువు లేదు. వీరలక్ష్మి పదో తరగతి. పంటు మీద కూర్చుని నా మాటలు చదివి చెబితే నేను నోటికి పట్టేసేదాన్ని. పాత డైరెక్టరుగారు మమ్మల్ని కాగితంతో కొలిచేవారు కాదు. "మీ ఊరి నోటితో మీరు చెప్పండమ్మా, జనం నవ్వితే చాలు" అనేవారు. జనం నవ్వారు. ఒకసారి రావులపాలెం అరటిపళ్ళ మార్కెట్లో గెల మోసుకెళ్తున్న ఒకాయన నన్ను చూసి ఆగి, నా మాటే నాకు అప్పజెప్పాడు. "మీ ఇంట్లో పాలు విరిచే మాటలే గానీ తోడుకునే మాట ఒక్కటీ లేదమ్మా. అవునా కాదాండి, సూరమ్మగారూ?" భుజం మీద గెలతోనే అడిగాడు.

అది నాకు ఎంతో ఇప్పుడు చెప్పినా కొందరికి అర్థం కాదు. పెళ్ళివారు బయల్దేరుతుంటే నన్ను మెల్లిగా పక్కకి పిలిచి ఏదో పని చెప్పిన చేతులే, ఇప్పుడు పెళ్ళిలో ఫోటోకి రమ్మని ముందుకి లాగుతున్నాయి. సూరమ్మ ఉన్నన్నాళ్ళే ఆ చోటు. సూరమ్మ పోతే నేను మళ్ళీ పక్కకే.

రెండో సీజను అయ్యాక రెండేళ్ళు ఖాళీ వచ్చింది. ఆ రెండేళ్ళలో, అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసిన బుజ్జమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. కొబ్బరిపీచు పనికని చెప్పి వెళ్ళేదాన్ని. వీరలక్ష్మికి చెప్పలేదు. కొత్త సీజను మొదటి కాగితం గడగడా చదివేసి, తను నోరెళ్ళబెడితే చూద్దామని.

తీరా ఈసారి కాగితాలే లేవు. అన్నీ ఫోనుకి వస్తాయన్నారు. నాది మీటలు నొక్కే ఫోను. అందుకని ఇద్దరి మాటలూ వీరలక్ష్మి ఫోనుకే వచ్చేవి.

మొదటిరోజు పంటు మీద తను ఫోను తీసింది. నేను పక్కనుంచి తొంగి చూశాను. గడగడా కాదు కదా, ఆ ఎండకి అద్దంలో సగం అక్షరాలు కనబడలేదు. ఎడంపక్కన నల్లగా ఉన్న నా పేరు మాత్రం దొరికింది. సూరమ్మ. మ కింద మవత్తు. ఒకటి, రెండు, మూడు... మొత్తం తొమ్మిదిసార్లు ఉంది.

వీరలక్ష్మి అయిదు మాటలు చదివి ఫోను ఆపేసింది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతేనక్కా. ఆఖరి సీజను కదా, ఏడుపెక్కువ పెట్టేరు."

నోటిదాకా వచ్చిన సంగతి నోట్లోనే ఉండిపోయింది. చదువొచ్చని చెబితే జాగ్రత్త పడుతుంది. చెప్పకపోతే దొరుకుతుంది.

ఆ రోజునుంచి నాకు అదే పని. ఒకరోజు నా పేరు ఏడుసార్లు ఉంటే నాలుగు మాటలు చెప్పింది. ఇంకోరోజు ఆరుంటే రెండే. కొత్త డైరెక్టరు తేజగారు మొదట్లో పట్టించుకోలేదు. రోజుకి పన్నెండు సీన్లు తీసే మనిషికి ఒక మాట తగ్గితే మేలే, కొత్త మాట చేరితేనే ఒప్పుకోరు. నేను మాత్రం పట్టించుకున్నాను. ఇంటి దగ్గర కూడా తనని చూడటం మొదలుపెట్టాను. మా మామగారి ఇల్లు పంచుకోలేదు. ఆ పక్క వీరలక్ష్మి వంటిల్లు, ఈ పక్క నాది, మధ్యలో నడవ. నడవ తలుపు ఇరవై ఏళ్ళుగా తీసే ఉండేది. నేను అటు వెళ్తే చేతిలో ఫోను పక్కన పెట్టేసేది. ఒక మధ్యాహ్నం పనసపొట్టు కూర ఇంత గిన్నెడు తెచ్చి పెట్టింది. ఎవరూ ఊరికే పెట్టరు అనుకున్నాను. అనుకునే తిన్నాను.

బుజ్జమ్మతో చెప్పుకున్నాను.

"లెక్క తప్పేవేమో సత్యమ్మా."

"నా పేరు నేను చదవలేనా?"

"పేరు చదివితే చదువొచ్చినట్టు కాదు. పేరు పక్కన ఏముందో చదవాలి. ఏముంది?"

"ఎండలో కనబడదు."

"అయితే చూపించమని అడుగు. తోడికోడలే కదా, పులి కాదు."

అడగలేదు.

వైశాఖం సగం గడిచాక తేజగారు అందరినీ మండువాలో కూర్చోబెట్టారు. పక్కన రచయిత హరిబాబుగారు. ఆయనది కొత్తపేటే. అంతకుముందు రెండు సీజన్లూ ఆయనే రాసినా, హైదరాబాదులో కూర్చుని పంపేవారట, షూటింగుకి రావడం ఇదే మొదలు.

"చూడండి, ఆఖరి ఎనిమిది ఎపిసోడ్లు మిగిలేయి," అన్నారు తేజగారు. "నవ్వు ఎక్కువైతే ఏడుపు పండదు. ఏడుపు ఎక్కువైతే జనం లేచి వంటింట్లోకి పోతారు. ఇద్దరు పొరుగువాళ్ళని మొయ్యడానికి కథలో చోటు లేదు. ఒకరు చాలు."

"ఎవరండి?" అని అడిగింది నేను కాదు, వీరలక్ష్మి.

"ఇంకా అనుకోలేదండి," అన్నారు హరిబాబుగారు.

వీరలక్ష్మి నా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసనుకున్నాను. సంతలో ఆఖరి చేపపిల్ల మీద ఇద్దరి కళ్ళూ పడ్డప్పటి చూపు.

మర్నాడు మంచినీళ్ళకని లోగిలి వెనక్కి వెళ్ళాను. వంటవాళ్ళ పాక అవతల మాటలు వినిపించి ఆగాను. గొంతు వీరలక్ష్మిది.

"అక్క సీను తీసెయ్యండి హరిబాబుగారూ. మీకు పుణ్యముంటుంది."

"ఆఖరి సీనండి అది. అది తీసేస్తే ఆవిడకి ఇంకేం మిగులుతుందండి?"

"ఏం మిగలకపోయినా పర్లేదండి. అంతగా తియ్యలేకపోతే నా మీద రాయండి."

నీళ్ళు పట్టుకోకుండానే వచ్చేశాను.

నా మీద రాయండి. మా వైపు ఆ మాట ఎందుకు వాడతారో పసిపిల్లనడిగినా చెబుతుంది. పొలం నా మీద రాయండి అంటారు. కొబ్బరితోట నా మీద రాయండి అంటారు. ఉన్నదాన్ని ఒకరి పేరునుంచి తీసి ఇంకొకరి పేరున పెట్టడానికి అంతకంటే తిన్ననైన మాట లేదు. నా ఆఖరి సీను తన పేరున రాయించుకుంటోంది. ఇన్నాళ్ళూ నా మాటలు కొంచెం కొంచెంగా ఎందుకు తగ్గించిందో అప్పుడు తెలిసింది. గట్టు జరిపేవాడు ఒక్కసారే జరపడు. ఏటా జానెడు జరుపుతాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తేజగారి దగ్గరికి వెళ్ళాను.

"ఒక్క మాటండి. ఫోనులో నాకు తొమ్మిది మాటలుంటే వీరలక్ష్మి అయిదే చెబుతోందండి."

ఆయన ఫోను తీసి చూసుకున్నారు. చాలాసేపు చూశారు. తరవాత హరిబాబుగారిని పిలిచారు.

"సూరమ్మ ఈసారి పండట్లేదేమిటా, పంపించేద్దామా అనుకుంటున్నాం కదా. ఇదీ సంగతి." నావైపు తిరిగి, "మొదట్నించీ ఆవిడేనాండి చదివి చెప్పేది?"

"ఆయ్," అన్నాను.

చిన్న మాట. నోరు పూర్తిగా తెరవక్కర్లేదు.

మర్నాడు కామాక్షి పిన్నిగారు కథలోంచి వెళ్ళిపోయారు. వెళ్ళే సీను కూడా లేదు. పెద్ద అత్తగారి వేషం వేసే నిర్మలగారు "కామాక్షి కనబడదేం?" అంటారు. కోడలు "కాశీకి పంపించేశారండి వాళ్ళవాళ్ళు" అంటుంది. అంతే. హరిబాబుగారు ఈ సంగతి చెబితే వీరలక్ష్మి "అలాగేనండి" అని, సీరియలు వాళ్ళిచ్చిన చీర అంచులు కలిపి మడతపెట్టి, మేకప్పు గదిలో బల్ల మీద పెట్టి వచ్చింది. ఇద్దరం ఒకే పంటులో తిరిగొచ్చాం. అడుగుతుందని చూశాను. నేను చెప్పాల్సినవన్నీ వరసగా సిద్ధం చేసుకున్నాను.

"ఎండ బాగా ముదిరిందక్కా," అంది.

ఇంటికొచ్చాక నడవ తలుపు అటువైపునుంచి గడియ పడిన చప్పుడు విన్నాను. తప్పు చేసినవాళ్ళే తలుపులు వేసుకుంటారనుకున్నాను.

తరవాత నా మాటలు కాగితం మీదే ఇమ్మని అడిగాను, పెద్ద అక్షరాల్లో. ఇచ్చారు. జనం కూడా మళ్ళీ నవ్వుతున్నారని తేజగారు అన్నారు. సెట్లో లైట్లవాళ్ళూ నవ్వుతున్నారు. కాగితం కూడబలుక్కోవడానికే నాకు ఊపిరాడేది కాదు. చెప్పే మాట ఎలా ఉందో చూసుకునే తీరిక లేదు. తడబడకుండా చెబితే చాలనుకునేదాన్ని.

జ్యేష్ఠంలో మొదటి వాన పడిన రోజు పంటు ఆపేశారు. షూటింగు లేదు. ఆఖరి సీను కాగితం అంతకుముందు రోజే ఇచ్చారు. కిటికీ దగ్గర కూర్చుని, తొందర లేకుండా, మొదటిసారి ఒక కాగితం మొదట్నించి చివరిదాకా చదివాను.

సూరమ్మ గిన్నె చాపి "కాస్త తోడు పెట్టండమ్మా" అంటుంది. పాలు తోడు పెట్టుకోవడానికి. అత్తగారు "మొగుడు పోయి ఇన్నేళ్ళయింది, ఈ వయసులో నీకు తోడెందుకే సూరమ్మా?" అంటుంది. కింద బ్రాకెట్లో ఉంది: సూరమ్మ సిగ్గుపడి కొంగు మొహానికి కప్పుకుని మెలికలు తిరుగుతుంది. అందరూ నవ్వుతారు.

మెలికలు అన్న మాట మీద వేలు పెట్టాను. తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాను. తప్పు చదవలేదు.

తోడు అడిగే సీను మొదటి సీజన్లోనూ ఉంది. నాకు పేరొచ్చిందే దానితో. ఆ కాగితాలు పారెయ్యలేదు నేను. అప్పట్లో అందులో ఏముందో తెలియకపోయినా, మీద ఎక్కడో నా పేరుందని ట్రంకుపెట్టెలో దాచాను. తీసి వెతికాను. దొరికింది. "కాస్త తోడు పెట్టండమ్మా" ఉంది. దాని కింద అదే ఎత్తిపొడుపు ఉంది, కాకపోతే అది అనాల్సిన మనిషి పేరు కామాక్షి. దాని కింద అవే మెలికలు. పాలు విరిచే మాట, తోడుకునే మాట, రావులపాలెం ఆయన గెలతో నిలబడి చెప్పిన మాట, ఆ కాగితంలో ఎక్కడా లేదు.

మిగతావి కూడా చదివాను. మధ్యాహ్నం దాటింది. ఒక దాంట్లో సూరమ్మ సంతకం రాక వేలిముద్ర వేసి, ఆ సిరా నుదుటికి రాసుకుని, బొట్టు వచ్చిందని మురిసిపోవాలి. ఒక దాంట్లో గాజులమ్మేవాడి వెంట పడాలి. అన్నిట్లోనూ వెక్కిరించే మాట కామాక్షి పిన్నిగారిది. ఆ మాటల్లో ఒక్కటీ వీరలక్ష్మి నోట నేను వినలేదు. తన మాట మింగేసి, నాకు వేరే మాట కట్టి, పంటు మీద చదివినట్టే చెప్పింది. రెండు సీజన్లు అరుగు మీద మాటల్లేకుండా కూర్చుంది. ఈసారి పట్టి చూసే డైరెక్టరు వచ్చేసరికి కొత్తవి కట్టడానికి భయపడి, ఉన్నవాటిలో చెడ్డవి తీసేసి మిగిలినవే చెప్పింది. తొమ్మిదిలో నాలుగు.

కాగితాలు వరసలో పేర్చాను. వరస తప్పింది. మళ్ళీ పేర్చాను.

నడవ తలుపు కొట్టకుండా వాన తగ్గాక వీధిలోంచి చుట్టు తిరిగి వెళ్ళాను. వీరలక్ష్మి వసారాలో కొబ్బరాకు ముందేసుకుని చీపురుకి ఈనెలు తీస్తోంది.

"నాకు చదువొచ్చు వీరలక్ష్మీ."

"తెలుసక్కా."

"ఎప్పట్నించి?"

"మొదటిరోజే. పంటు మీద నీ పెదాలు కదిలేయి. సూ, ర, మ్మ అని."

"మరి ఏమీ అనలేదే?"

"నువ్వు చెప్పలేదు కదా." చాకు ఆకు మీద సర్రున దిగింది. "చదవగలిగితే అడుగుతావనుకున్నాను. ఇవాళ అడుగుతుంది, రేపు అడుగుతుంది అని రోజూ పంటు మీద ఫోను నీ వైపే వంచి పట్టుకునేదాన్ని. అడిగేవులే. నన్ను కాదు, ఆయన్ని అడిగేవు."

"నా మీద రాయండి అన్నావు. విన్నాను."

తను చాకు ఆపింది. నేను ఏం విన్నానో, ఎలా విన్నానో అప్పుడు తనకి అర్థమైనట్టుంది. నవ్వబోయి ఆగింది.

"నా మీద వేసి రాయమన్నానక్కా, ఆ వెక్కిరింత. మీ మరిది మస్కట్లో ఉండి పదకొండేళ్ళు. ఈ వయసులో నీకు తోడెందుకే అని నన్నంటే, తిరిగి పది అంటాను. జనం నవ్వుకుంటారు, అయిపోతుంది. నిన్నంటే అది..." ఆకు అటు తిప్పింది. "నీకెందుకులే."

వాన చూరునుంచి ఇంకా కారుతోంది.

"రేపు ఆఖరి సీను. ఏం చెప్పమంటావే?"

"చదువొచ్చింది కదా. నువ్వే చూసుకో."

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

మర్నాడు మండువాలో అందరూ ఉన్నారు. లైట్లవాళ్ళు, వంటవాళ్ళు, లంకలో వాళ్ళు కూడా ఆఖరి రోజని వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. కాగితం ప్రకారమే చెయ్యాలని తేజగారు ముందే చెప్పారు. "ఇది హరిబాబుగారికి ఇష్టమైన జోకండి. మొదటి సీజన్లో రాశారట, అప్పుడెందుకో పడలేదట."

గిన్నె పట్టుకుని వెళ్ళాను. కాస్త తోడు పెట్టండమ్మా అన్నాను. నిర్మలగారు మజ్జిగ గరిటె తీసి, బుగ్గన వేలు పెట్టుకుని, ఆ మాట అన్నారు. గోడ పక్కన అప్పుడే నవ్వులు మొదలయ్యాయి. మా ఊరి గొంతులూ ఉన్నాయి అందులో. నా చెయ్యి కొంగు మీద పడింది. ఎన్ని కాగితాల్లో నాకూ ఇలాంటి నవ్వుకీ మధ్య వీరలక్ష్మి అడ్డు కూర్చుందో అనుకున్నాను.

కొంగు వదిలేశాను.

"తోడు ఉండేదమ్మా," అన్నాను. "కాశీకి పంపించేశారు."

గట్టిగా అనలేదు. గోడ పక్కన ఒకరిద్దరు అలవాటుగా నవ్వి, సగంలో మానేశారు. నిర్మలగారు తరవాతి మాట మరిచిపోయారు. గరిటె అలాగే పట్టుకుని నన్నే చూశారు. చూసి, గిన్నెలో తోడు వేసి, ఇంకొంచెం వేసి, నా చెయ్యి మీద తన చెయ్యి పెట్టారు. అదీ కాగితంలో లేదు. తేజగారు కట్ అనలేదు. నేను గిన్నె పట్టుకుని గుమ్మం దాటి, కెమెరాకి కనబడనంత దూరం నడిచాను.

"ఇది నేను రాసింది కాదండి," అంటున్నారు వెనక హరిబాబుగారు.

"తెలుస్తూనే ఉంది. రాసుకోండి," అన్నారు తేజగారు.

కామాక్షిని మాత్రం వెనక్కి రప్పించలేకపోయాను. అడిగాను. వీరలక్ష్మి ఎందుకలా చేసిందో అంతా చెప్పాను. తేజగారు విని, తల గోక్కుని, "ఎడిటింగు అయిపోయిందండి, అన్యాయమే" అన్నారు. రెండు సీజన్లు నన్ను మోసిన మనిషి కథలోంచి ఒక్క ముక్కతో వెళ్ళింది వెళ్ళిందే.

ఆఖరి ఎపిసోడు శ్రావణంలో వచ్చింది. సాయంత్రం ఏడింటికి. మాకు టీవీ ఉన్నది వీరలక్ష్మి వైపే. ఆ రోజు నడవ తలుపు గడియ తీసి ఉంది. తలుపు మాత్రం దగ్గరగా వేసే ఉంది. తోసుకుని వెళ్ళి గుమ్మం లోపల కూర్చున్నాను. తను రమ్మనలేదు, పొమ్మనలేదు.

సీను వచ్చింది. టీవీలో నా మొహం నాకే కొత్తగా ఉంది. తోడు ఉండేదమ్మా. కాశీకి పంపించేశారు. ప్రకటనలు మొదలయ్యాక వీరలక్ష్మి టీవీ చప్పుడు తగ్గించింది.

"బాగుందక్కా," అంది. "ఒక్క అక్షరం తప్పు."

"ఎక్కడ?"

"ఆఖర్న."

వెతుక్కున్నాను. పంపించేశారు. పలక మీద రాసుకున్నట్టు మనసులో ఒక్కొక్కటే రాసుకుని చూసుకున్నాను. పం. పిం. చే. శా. అక్కడిదాకా తప్పులేదు. ఆ పక్కన ఏ అక్షరం ఉండాలో తెలియడానికి బుజ్జమ్మ అక్కర్లేదు.

"ను," అన్నాను.

"ఏదీ, మొత్తం చెప్పు."

"కాశీకి పంపించేశాను."

వీరలక్ష్మి టీవీ వైపు చూస్తూనే తలూపింది.

"అలా అంటే జనం నవ్వరు కదే," అన్నాను.

"అన్నిటికీ నవ్వక్కర్లేదక్కా," అంది.